మౌస్‌తో అన్నీ అవుతుంటే టెర్మినల్ ఎందుకండీ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో మీకు జెరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపుంది. సిస్టమ్స్ మూడూ పాతవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది, ఆ ప్రాసెసర్ల మీద విండోస్ 11 ఎక్కనంటోంది. అందుకని రెండింట్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. పని సాగుతోంది. ఈలోగా మీ బావమరిది వచ్చి "కమాండ్లు రానివాడికి లైనక్స్ ఎందుకు?" అన్నాడు. మౌస్‌తో అన్నీ అవుతుంటే కమాండ్లు టైపు చేసే ఆ నల్ల తెరతో (టెర్మినల్ అంటే అదే) నాకేం పని, అది 1980ల నాటి సరుకు కదా అని మీ అనుమానం.

ముందు మీ బావమరిది సంగతి. ఆయన మాట పట్టించుకోకండి. ఈ రోజున మింట్‌లో గానీ లైనక్స్‌లోనే ఇంకో రకమైన ఉబుంటూలో గానీ టెర్మినల్ తెరవకుండా ఏళ్లకేళ్లు గడిపేయొచ్చు. బ్రౌజరు, లిబ్రేఆఫీస్, ప్రింటు, వైఫై, అప్‌డేట్లు అన్నీ బొమ్మల మీద నొక్కితే అయిపోతాయి. నాకు తెలిసిన ఒక రిటైర్డు మాస్టారు అలాగే వాడుకుంటున్నారు. ఆయనకి నేనెప్పుడూ కమాండ్ నేర్పబోలేదు, ఆ అవసరమూ రాలేదు. కమాండ్లు వస్తే గొప్ప, రాకపోతే నామోషీ అన్నట్టు మాట్లాడేవాళ్లని చూసే చాలామంది లైనక్స్‌కి దణ్ణం పెట్టి వెళ్లిపోతారు.

అయినా మిమ్మల్ని నేర్చుకోమనే అంటాను. మాస్టారికి లేనిదీ మీకు ఉన్నదీ ఒకటుంది: షాపు. ఎదురుగా కస్టమర్లు నిలబడి ఉండగా సిస్టమ్ మొండికేస్తే మీకు వేరే దారి ఉండాలి.

నేను విజయవాడలో ప్రెస్సులకీ చిన్నచిన్న ఆఫీసులకీ సిస్టమ్స్ చూసిపెడుతుంటాను. సగానికి పైగా ఫోన్లోనే జరిగిపోతుంది. మౌస్ పని ఫోన్లో చెప్పడం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. "కింద ఎడమ పక్క మెనూ నొక్కండి. సిస్టమ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. లేదా? గేరు బొమ్మ చూడండి. అదీ లేదా? మీది ఏ వెర్షనండీ?" ఇలా పావుగంట పోతుంది. కమాండైతే ఒక్క లైను వాట్సాప్‌లో పంపిస్తాను. వాళ్లు దాన్ని అతికించి ఎంటర్ కొడతారు, సిస్టమ్ ఏం జవాబిచ్చిందో అది కాపీ చేసి నాకు పంపుతారు. ఆ జవాబు చదివి ఇంకో లైను పంపుతాను. చేత్తో చేసే పని మాటగా మారిపోయిందన్నమాట. దాన్ని రాసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆరు నెలల తర్వాత అదే జబ్బు వస్తే అదే మందు వేయొచ్చు. టెర్మినల్ అసలు బలం ఇదేనని నా లెక్క. స్పీడు గురించి అందరూ చెబుతారు గానీ అది తర్వాతి సంగతి.

పైగా బొమ్మలు నిలకడగా ఉండవు. ఉబుంటూనే చూడండి. 2011లో గ్నోమ్ అనే పాత డెస్క్‌టాప్ తీసేసి యూనిటీ అనే కొత్తది పెట్టారు. 2017లో యూనిటీ తీసేసి మళ్లీ గ్నోమ్‌నే కొత్త రూపంలో తెచ్చారు. రెండుసార్లూ జనం మెనూలు వెతుక్కున్నారు. ఫైళ్లు చూపించే ఎల్ఎస్, కాపీ చేసే సీపీ, అక్షరాల్ని వెతికే గ్రెప్ మాత్రం రెండుసార్లూ అలాగే ఉన్నాయి. అవి లైనక్స్‌కి నమూనా అయిన 1970ల యూనిక్స్ అనే సిస్టమ్ నుంచి వస్తున్నవి. లైనక్స్‌లో ఏ రకమైనా, మింట్ అయినా, డెబియన్ అయినా, ఫెడోరా అయినా అవే.

ఒక మాట: ఇక్కడ కమాండ్లని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టాలి. పెద్దబడి, చిన్నబడి లైనక్స్‌కి వేర్వేరు.

షాపుల్లో తరచూ ఎదురయ్యేది ఒకటి చెబుతాను. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తారు, పాస్‌వర్డ్ కొడతారు, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి. తప్పనడం లేదు, లోపలికీ రానివ్వడం లేదు. చాలాసార్లు దీనికి కారణం డిస్కు నిండిపోవడం. డెస్క్‌టాప్ లేవాలంటే కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి, చోటు లేక అక్కడే ఆగి వెనక్కి వచ్చేస్తుంది. మౌస్‌తో ఏదైనా చేద్దామంటే మౌస్ తిరిగే తెరే రాలేదాయె.

ఏలూరు రోడ్డు పక్క ఒక ప్రెస్సులో పెళ్లిళ్ల సీజన్లో ఇదే జరిగింది. ఓనరు మొత్తం తుడిచేసి మళ్లీ విండోస్ వేయించేద్దామనే దాకా వెళ్లాడు. ఫోన్లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నాను. బొమ్మల్లేని తెర వచ్చింది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాక 'డీఎఫ్ -హెచ్' కొట్టమన్నాను. డిస్కులో ఎంత నిండిందో అది చెబుతుంది. 100 శాతం అని చూపించింది. అప్‌డేట్ల కోసం దింపుకున్న పాత ప్యాకేజీలు 'సుడో ఆప్ట్ క్లీన్' తో పోయాయి (సుడో అంటే ఆ పనిని అడ్మిన్ హక్కులతో చేయమనడం), కాస్త ఊపిరాడింది. తర్వాత ఈ లైను:

డీయూ -హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 | సార్ట్ -హెచ్

ఏ ఫోల్డరు ఎంత బరువుందో డీయూ కొలుస్తుంది. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సార్ట్ వరస పెడుతుంది. అన్నిటికన్నా కింద మొత్తం కనిపిస్తుంది, దాని పైది అసలు దొంగ. ఇక్కడ ఆ దొంగ పేరు ముందు చుక్క ఉన్న '.లోకల్'. చుక్కతో మొదలయ్యేవి మామూలుగా కంటికి కనిపించవు, డీయూ మాత్రం వాటినీ వదలదు. లోపలికి వెళ్లి అదే లైను మళ్లీ కొడుతూ పోతే చెత్తబుట్ట తేలింది. డిలీట్ చేశామనుకున్న పాత శుభలేఖల ఫైళ్లన్నీ అందులోనే కూర్చున్నాయి. ఖాళీ చేసి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కి వెనక్కి వస్తే డెస్క్‌టాప్ లేచింది.

ఆ మధ్యలో నిలువు గీత ఉంది చూశారా, దాన్ని పైప్ అంటారు. ఒక ప్రోగ్రాం చెప్పింది రెండో ప్రోగ్రాం అందుకుంటుంది. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. కొలిచేవాడికి వరస పెట్టడం రానక్కర్లేదు, వరస పెట్టేవాడికి కొలవడం రానక్కర్లేదు. ఇద్దరినీ కలిపే పని మీది. మౌస్‌తో అయితే, ఎవరో ముందే ఆలోచించి బటన్ పెట్టిన పనే చేయగలం.

ప్రింటర్ సంగతి రెండు ముక్కల్లో. క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని వెనకవన్నీ ఆగిపోతే 'ఎల్‌పీస్టాట్ -టీ' తో ఏం ఆగిందో చూడండి, 'క్యాన్సిల్ -ఏ' తో క్యూ మొత్తం ఖాళీ చేయండి. అయినా కదలకపోతే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కప్స్' (కప్స్ అంటే లైనక్స్‌లో ప్రింటు పని చూసే ప్రోగ్రాం). నూటికి తొంభై సార్లు ప్రింటర్ ఆపి ఆన్ చేసే పనే ఉండదు.

పెన్‌డ్రైవ్‌లు కూడా ఇంతే. కస్టమర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ కనబడకపోతే 'సుడో డీమెసేజ్ -డబ్ల్యూ' అని కొట్టి (టైపు చేసేది డీ, ఎం, ఈ, ఎస్, జీ), అది నడుస్తుండగా పెన్‌డ్రైవ్ పెట్టండి. ఒక్క లైనూ రాకపోతే పోర్టో పెన్‌డ్రైవో కనెక్షనే లేదు. లైన్లు వచ్చి వాటిలో ఐ/ఓ ఎర్రర్ (చదవడంలో, రాయడంలో తప్పు) అని కనబడితే పెన్‌డ్రైవ్ చావుబతుకుల్లో ఉంది, కస్టమర్‌కి ఆ మాట ముందే చెప్పేయండి. లేకపోతే "మీ షాపులో పెట్టాకే పాడైంది" అంటారు.

ఇప్పుడు మీకు అన్నం పెట్టే పని దగ్గరికి వస్తాను. ఆధార్ ముందు వైపు, వెనక వైపు కలిపి ఒక పీడీఎఫ్. ఫొటో 50 కేబీ లోపు. మార్కుల లిస్టులన్నీ ఒకే ఫైలు. నేను చూసిన చాలా షాపుల్లో దీనికోసం గూగుల్లో వెతికి, మొదట కనబడ్డ వెబ్‌సైట్లో కస్టమర్ ఆధార్ అప్‌లోడ్ చేసి, కలిపి, మళ్లీ దింపుకుంటున్నారు. ఆ కాగితం ఏ దేశంలో ఏ సర్వర్లో ఎన్నాళ్లు పడి ఉంటుందో షాపు వాళ్లకీ తెలియదు, ఇచ్చినాయనకీ తెలియదు. నాకిది చాలా చిరాకు పుట్టించే విషయం. మీ సిస్టమ్‌లోనే, నెట్ తీసేసి కూడా అయ్యే పని ఇది:

పీడీఎఫ్‌యునైట్ ముందు.పీడీఎఫ్ వెనక.పీడీఎఫ్ ఆధార్.పీడీఎఫ్

చివర ఉన్నది కొత్త ఫైలు పేరు. అది రాయడం మర్చిపోతే చివర ఉన్న పాత ఫైలు మీదే రాసేస్తుంది, కాబట్టి చివరి పేరు ఎప్పుడూ కొత్తదై ఉండాలి. ఈ ప్రోగ్రాం లేదంటే 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పాప్లర్-యుటిల్స్'.

ఫొటోలకి ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్యాకేజీ వేసుకోండి. అప్పుడు:

కన్వర్ట్ ఫొటో.జేపీజీ -డిఫైన్ జేపెగ్:ఎక్స్‌టెంట్=50కేబీ చిన్నది.జేపీజీ

50 కేబీకి సరిపడా క్వాలిటీ ఎంత తగ్గించాలో అదే చూసుకుంటుంది. క్వాలిటీ 80 పెట్టి చూడటం, 70 పెట్టి చూడటం ఉండదు. ఫొటో కొలతలు మరీ పెద్దవైతే బొమ్మ పాడైపోతుంది, ముందు రీసైజ్ చేయండి. కొత్త వెర్షన్ 7 ఉన్న చోట కన్వర్ట్ బదులు మ్యాజిక్ అని కొట్టాలి.

ఏదో కోచింగ్ సెంటర్ వాళ్లు ఒక బ్యాచి మొత్తం ఫొటోలు తెచ్చి పోశారనుకోండి. 'ఎంకేడిర్ చిన్నవి' అని ఒక ఫోల్డరు చేసి:

ఫర్ ఎఫ్ ఇన్ *.జేపీజీ; డూ కన్వర్ట్ "$ఎఫ్" -డిఫైన్ జేపెగ్:ఎక్స్‌టెంట్=50కేబీ "చిన్నవి/$ఎఫ్"; డన్

ఫోల్డర్లో ఉన్న ఒక్కో ఫొటో తీసుకుని చిన్నది చేసి పక్కన పెడుతుంది, ఒరిజినల్స్ ముట్టుకోదు. ఆ కొటేషన్ గుర్తులు తీసేయకండి. మన జనం ఫైళ్లకి "రవి ఫొటో న్యూ ఫైనల్" అని ఖాళీలు పెట్టి పేర్లు పెడతారు. కొటేషన్లు లేకపోతే సిస్టమ్ దాన్ని నాలుగు ఫైళ్లనుకుంటుంది. ఇదే లైనుని ఒక ఫైల్లో రాసి, 'సీహెచ్‌మోడ్ +ఎక్స్' తో నడిపే హక్కు ఇచ్చి, హోమ్ ఫోల్డర్లో బిన్ అనే ఫోల్డరు చేసి అందులో పెట్టి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఇక ఆ ఫైలు పేరు కొడితే చాలు. మీ షాపులో కుర్రాడికి లోపలేముందో తెలియక్కర్లేదు.

1980ల సరుకు అన్నారు. నిజానికి ఇంకా పాతది, యూనిక్స్ 1969లో మొదలైంది. పాతదని వదిలేద్దామంటే ఎవరూ వదల్లేదు. విండోస్ చేసిన మైక్రోసాఫ్టే 2006లో పవర్‌షెల్ అనే కమాండ్ల ప్రోగ్రాం తెచ్చింది, 2016లో విండోస్ లోపలే లైనక్స్ కమాండ్లు నడిచే ఏర్పాటు ప్రకటించింది, 2019లో కొత్త టెర్మినల్ ప్రోగ్రాం ప్రకటించి 2020లో విడుదల చేసింది. మీ ఇంట్లో బీటెక్ పిల్లలెవరైనా ఉంటే వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రేపు ఉద్యోగంలో వాళ్ల ముందు పెట్టే సర్వర్లకి సాధారణంగా డెస్క్‌టాపే ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? కమాండ్ల పట్టికలు దింపుకుని బట్టీ పట్టకండి. ముందు మీరు ఎక్కడున్నారో తెలియాలి. గుంటూరు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊళ్లో ఏ మూల నిలబడి చదివినా ఆ అడ్రసు అదే ఇల్లు చూపిస్తుంది. ఏటవాలు గీతతో మొదలయ్యే పాత్ (ఫైలు అడ్రసు) అలాంటిది: /హోమ్/షాపు/స్కాన్లు. "ఇక్కణ్ణించి రెండో అడ్డరోడ్డు" అన్నారనుకోండి, ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలిస్తేనే దారి దొరుకుతుంది. గీత లేకుండా మొదలయ్యే 'స్కాన్లు/ఆధార్' అలాంటిది. "అలాంటి ఫైలు లేదు" అని సిస్టమ్ అన్నప్పుడు సాధారణంగా ఫైలు ఉండనే ఉంటుంది, మీరే వేరే అడ్డరోడ్డులో నిలబడి ఉంటారు. పీడబ్ల్యూడీ కొడితే ఎక్కడున్నారో చెబుతుంది, సీడీతో మారతారు, ఎల్ఎస్‌తో చుట్టూ చూస్తారు. మొదటి వారం ఈ మూడు చాలు. రెండో వారం సీపీ, ఫైలుని జరపడానికీ పేరు మార్చడానికీ ఎంవీ, ఫోల్డరు చేయడానికి ఎంకేడిర్. తర్వాత మీ షాపులో ఏ అవసరం వస్తే అది.

పేర్లు పూర్తిగా కొట్టకండి. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది. నింపకపోతే పేరు తప్పు కొడుతున్నారనో, అదే అక్షరాలతో ఇంకో ఫైలు ఉందనో అర్థం. పైకి బాణం నొక్కితే ఇందాకటి కమాండ్. కంట్రోల్, ఆర్ నొక్కి ఒక ముక్క కొడితే ఎప్పుడో కొట్టినదీ దొరుకుతుంది. ఉబుంటూ, మింట్ మామూలు సెట్టింగ్స్‌లో చివరి 1000 కమాండ్ల దాకా ఇలా దొరుకుతాయి. ఇక్కడ కంట్రోల్, సీ అంటే కాపీ కాదు, నడుస్తున్న పనిని ఆపేయడం. కాపీకి, పేస్టుకి షిఫ్ట్ కూడా కలపాలి. ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, పనిచేస్తాయి. కాకపోతే చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి వికారంగా కనిపిస్తాయి. పొడుగు పేర్లూ వద్దు. ఫైలు పేరుకి 255 బైట్లే హద్దు, తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు, ఒత్తుకి ఆరు బైట్లు పోతాయి.

జాగ్రత్తలు చెప్పకుండా వదిలితే నాదే పాపం. ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్ ఆర్ఎం. దాంతో తీసేసింది చెత్తబుట్టలోకి పోదు, పోయినట్టే. 'ఆర్ఎం *.టీఎంపీ' అంటే ఆ రకం ఫైళ్లే పోతాయి. నక్షత్రం తర్వాత పొరపాటున ఒక్క ఖాళీ పడిందా, ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ పోతాయి. అందుకే ముందు అదే గుర్తుతో ఎల్ఎస్ కొట్టి, వచ్చిన జాబితా చూసుకుని, అప్పుడు ఎల్ఎస్ తీసి ఆర్ఎం పెట్టండి. మీ హోమ్ ఫోల్డర్లో ఫొటోలు, పీడీఎఫ్‌ల పనికి సుడో అక్కర్లేదు. ఎవరైనా సుడోతో మొదలయ్యే లైను ఇస్తే ఎందుకని అడగండి. నెట్ నుంచి ఏదో దింపి నేరుగా సుడో బ్యాష్‌లోకి (బ్యాష్ అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రాం) పైప్ చేసే లైన్లయితే అసలే వద్దు. చాట్‌బాట్‌ని అడిగినా ఇదే రూలు. అది ధైర్యంగా లేని ఆప్షన్లు కూడా చెప్పేస్తుంది. 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండ్ పేరు పెడితే అసలు పుస్తకం తెరుచుకుంటుంది, ఆ ఆప్షన్ అందులో ఉందో లేదో చూసుకోండి.

ఇక మీ మూడో సిస్టమ్. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పని ఉంటే దాన్ని విండోస్‌లోనే ఉంచండి. లైనక్స్‌లో ఏదో ఒకలా లాగొచ్చుగానీ, ప్రింటుకి వెళ్లే ఫైలుతో ప్రయోగాలు నేను ఒప్పుకోను. ఇంక మామూలు అప్‌డేట్లు రావు కాబట్టి ఆ సిస్టమ్‌ని నెట్‌కి కలపకండి. అందులోని పాత ఫైళ్లని ముందు ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, అక్కణ్ణించి మింట్ సిస్టమ్‌లోకి ఫైళ్లు కాపీ చేసే 'ఆర్‌సింక్ -ఏవీ' తో తెచ్చుకోండి. రెండోసారి నడిపినప్పుడు మారినవి మాత్రమే తెస్తుంది. మొదటిసారి -ఏవీఎన్ అని ఎన్ కూడా తగిలించి నడపండి, ఏమేం కాపీ చేయబోతోందో చూపించి ఊరుకుంటుంది. జాబితా సరిగ్గా ఉంటే ఎన్ తీసేసి మళ్లీ కొట్టండి.